తెర వెనక వాన

సోమప్ప ఎనిమిదేళ్ళు సినిమా డేరాలో పనిచేశాడు. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క సినిమాను, అదీ ఒక్కసారే, జనంలో కూర్చుని ముందు నుంచి చూశాడు. మిగతావన్నీ తెర వెనక నుంచి చూసినవే. వెనక నుంచి చూస్తే రాజకుమారుడు ఎడమచేత్తో కత్తి దూస్తాడు. పడమటికి పోవాల్సిన గుర్రం తూర్పుకు పోతుంది. సోమప్పకు అది వింతగా తోచలేదు. పుట్టినప్పటి నుంచి కథలన్నీ తెర వెనక నుంచి చూసినవాడే.

వాళ్ళది తోలుబొమ్మలు ఆడించే ఇల్లు. కళ్యాణదుర్గానికి ఆరు మైళ్ళ దూరంలో, గుండ్ల మధ్య పాతిక గుడిసెల పల్లె. తండ్రి పోయేనాటికి ఇద్దరు కొడుకులకూ కలిపి మిగిలినవి రెండు: ఒక బొమ్మల పెట్టె, బసాపురం అనే ఊరి మీద హక్కు. ఆ ఊళ్ళో ఈ ఇంటివాళ్ళు తప్ప వేరే మేళం తెర కట్టకూడదు. అందుకు బదులుగా సుగ్గికాలంలో, పంట నూర్చేటప్పుడు, ఊరివాళ్ళు కళ్ళాల దగ్గర జొన్నలు పెడతారు. ఏడాదిలో నాలుగు నెలలు ఆ ఇంట్లో సంగటి ఉడికేది ఆ జొన్నలతోనే.

వానలు తప్పిన ఏడు బసాపురం వాళ్ళు ప్రత్యేకంగా కబురు పెట్టేవారు. శత్రువులు తోలుకుపోయిన ఆవుల మందలను ఒక వీరుడు మళ్ళించుకొచ్చే కథ ఉంది. దాన్ని మూడు రాత్రులు ఆడిస్తే వాన పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. చాలాసార్లు పడేది కూడా. పడనప్పుడు ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు.

బొమ్మ పట్టుకుని ఆడించేది, మగపాత్రల మాట చెప్పేది అన్న ఓబులేసు. ఆడపాత్రల పాట, మాట ఓబులేసు భార్య మారెక్కవి. సోమప్ప పని కాళ్ళతో. తెర వెనక నేల మీద చెక్కపలకలు పరుచుకుని వాటి మీద తొక్కుతూ గుర్రాల పరుగు, యుద్ధం, రాక్షసుడి నడక, కోట తలుపు విరిగే చప్పుడు, అన్నీ వినిపించాలి. "మా ఇంట్లో చెయ్యి మా అన్నది, గొంతు మా వదినెది, కాలు నాది" అనేవాడు.

పెట్టెలో బొమ్మలకు ఒక వరస ఉంది. రాక్షసులు మేకతోలుతో చేసినవి, అడుగున ఉంటాయి. దేవుళ్ళు, వీరులు జింకతోలుతో చేసినవి, పైన ఉంటాయి. మధ్యన ఒక పాత చీర పరుస్తారు. అన్నిటికంటే పైన ఉండేది ఆవుల కథలోని వీరుడు. సోమప్ప తాత చేతి పని. తోలు ఎంత పలచగా గీశాడో, దీపం ముందు పెడితే బొమ్మ మీది ఎరుపు నిప్పులాగా ఉండేది. ఇంట్లో ఆ బొమ్మను "పెద్దాయన" అనేవారు. పెట్టె నుంచి తీసేముందు ఊదుబత్తి వెలిగించేవారు.

యాభై నాలుగులో కళ్యాణదుర్గం శివార్లలో టూరింగ్ టాకీసు డేరా వేశారు. సోమప్పకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఒక సాయంత్రం నేల టిక్కెట్టు తీసుకుని మాంత్రికుడి సినిమాకు పోయాడు. కథ సులువైనదే. ఒక మాంత్రికుడు రాజ్యంలో ఉన్న ఒకే ఒక నదిని మంత్రించి రాగి తంబిగెలో, అంటే చెంబులో, బంధిస్తాడు. ఆ తంబిగెను ఏడు గుహల అవతల దాస్తాడు. రాజ్యం ఎండిపోతుంది. రాజకుమారుడు రెక్కల గుర్రమెక్కి వెళ్ళి, గుహకొక రాక్షసుణ్ణి గెలిచి, తంబిగె పగలగొట్టి నదిని విడిపిస్తాడు. పట్నాలన్నీ తిరిగి కళ్యాణదుర్గం చేరేసరికి ఆ ఫిల్ము ఒళ్ళంతా గీతలే. సగానికి వచ్చేసరికి బొమ్మ కదులుతోంది, శబ్దం ఆగిపోయింది.

గుహలో రాక్షసుడు నోరంతా తెరిచాడు. గర్జన లేదు.

"ఏమప్పా, పంటినొప్పేమో పాపం!" అని నేల మీది నుంచి ఎవరో అరిచారు.

"ఒక లవంగమియ్యండ్రా వానికి!"

డేరా అంతా నవ్వింది. సోమప్ప నవ్వలేదు. లేచి బయటికి పోయి, వెనక డేరాగుడ్డ ఎత్తి లోపలికి దూరాడు. తెర వెనక స్పీకరు పెట్టె పక్కన విరిగిన బెంచీ పలక పడి ఉంది. దాన్ని రెండు రాళ్ళ మీద పెట్టి కాలితో తొక్కాడు. రాక్షసుడి అడుగుతో పాటు అడుగు. గద ఎత్తినప్పుడు ఆగాడు. గద దిగినప్పుడు రెండు కాళ్ళతో ఎగిరి పలక మీద దూకాడు. ముందు పక్క నవ్వు ఆగిపోయింది.

ఆట అయ్యాక మిషను ఆపరేటరు పీర్ మహమ్మద్ లాంతరు పట్టుకుని వెనక్కు వచ్చాడు. కదిరి మనిషి. నూనె మరకల చొక్కా, చెవి మీద పెన్సిలు.

"ఎవరప్పా నువ్వు? నా మిషన్లో లేని సప్పుడు యాడ్నుంచి వచ్చె?"

"బొమ్మలాటోణ్ణి సాబూ. నవ్వుతాంటే చూడలేకపోతి."

"రేపు గూడా రా."

మరుసటి వారానికల్లా సోమప్ప డేరా మనిషైపోయాడు. బొమ్మలాటకు పిలుపు వచ్చినప్పుడు అన్న వెంట పోయేవాడు. మిగతా రోజులు తెర వెనక.

పీర్ మహమ్మద్ పదేళ్ళుగా సినిమాలు తిప్పుతున్నాడు. జానపద సినిమా నిలబడాలంటే కోట పెద్దదిగా ఉండాలి, రాక్షసుడు ఎత్తుగా ఉండాలి, పొగ దండిగా ఉండాలి అని అతని లెక్క. సోమప్పకు అది నచ్చలేదు.

"మా పెట్టెలో రాక్షసుడు మీ రాక్షసుని మోకాటి దాకా గూడా రాడు పీరన్నా. అయినా ఆడోళ్ళు కండ్లు మూసుకుంటారు."

"ఎట్ల మూసుకుంటారు?"

"మేము వాన్ని చూపియ్యం గదా. ముందు వాని అడుగు ఇనిపిస్తాం. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వెయ్యం. వాడు యాడ నిలబడినాడో అని జనం ఎతుక్కుంటారు. అప్పుడు చూపిస్తాం."

డేరాలో ఒకటే మిషను. ఒక రీలు అయ్యాక రెండోది ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలూ జనం ఈలలు వేసేవారు, వేరుశనక్కాయల పొట్లాలు కొనేవారు. నాలుగో గుహ ముంగిట్లో రీలు అయిపోయేచోట దీపం వెయ్యవద్దని సోమప్ప అడిగాడు. పీర్ మహమ్మద్ సరేనన్నాడు. చీకట్లో తెర వెనక పలక మీద ఒక అడుగు పడింది. కాసేపటికి ఇంకొకటి, దగ్గరగా. తర్వాత మూడోది. ఈల వేసేవాడు మధ్యలో ఆపేశాడు. ఆ సినిమాలో రాక్షసుడు కనపడేది ఐదు నిమిషాలు. జనం నిజంగా భయపడింది ఫిల్ము లేని ఆ నాలుగు నిమిషాలలోనే.

రెక్కల గుర్రానికి కట్టిన తీగలు తెర మీద తెలిసిపోయేవి. దానికీ సోమప్పే ఉపాయం చెప్పాడు. గుర్రం పరిగెత్తేంతసేపూ గిట్టల చప్పుడు పెంచుకుంటూ పోయి, అది ఎగిరే క్షణాన ఒక్కసారిగా ఆపేసేవాడు. "సప్పుడు నిలిస్తే అది నేల ఇడిసినట్టే. తీగల్ని ఎవురు చూస్తారు?" అన్నాడు. నిజంగానే ఎవరూ చూడలేదు.

లొంగనిది ఒక్కటే, ఆఖరి ఘట్టం. తంబిగె పగులుతుంది, నది బయటికి వస్తుంది. తీసినవాళ్ళు దాన్ని ఏ తొట్టిలోనో తీసి ఉంటారు. శబ్దం ఉన్నచోట గరగర, లేనిచోట ఏమీ లేదు.

"దీనికా ఏడు గుహలు తిరిగింది? మా ఆడోళ్ళు యేట్లో చెలమ తోడి ఇంతకంటే ఎక్కువ తెస్తారు" అని జనం ఎగతాళి చేసేవారు.

"అంతా భయపడి, ఆఖర్న నవ్వితే అంతా నవ్వినట్టే గదప్పా" అని పీర్ మహమ్మద్ తల పట్టుకునేవాడు. సోమప్ప చేటలో ఇసుక ఆడించాడు. గంపలో వేరుశనక్కాయలు దొర్లించాడు. దొరికిన మేకతోలు బిగించి దాని మీద జొన్నలు పోశాడు. పెండ్లిలో బియ్యం చల్లినట్టు ఉంది తప్ప నీళ్ళలాగా లేదు. ఇంతలో ఆ సినిమా వేరే ఊళ్ళకు వెళ్ళిపోయింది. ఆ సంగతి అక్కడికి ఆగింది.

యాభై ఏడులో ముంగారు వానలు, తొలకరివి, తప్పిపోయాయి. ఆషాఢం దాటి శ్రావణం వచ్చినా వేరుశనగ విత్తనాలు ఇండ్లలోనే ఉన్నాయి. పశువులకు కలబంద కాల్చి పెడుతున్నారు. డేరా యజమాని ఆ రోజుల్లో బళ్ళారి పోయి, వెతికి వెతికి అదే మాంత్రికుడి సినిమాను వెనక్కి తెచ్చాడు. ఎండిన ఏట నీళ్ళ సినిమా ఆడుతుందని ఆయనకు తోచింది. డేరాను కూడా తెచ్చి రోడ్డు పక్కన, బసాపురానికి మైలు దూరంలో వేయించాడు.

సోమప్పకు మళ్ళీ ఆఖరి ఘట్టం ఎదురైంది. ఈసారి అతనికి తాత పలచగా గీసిన జింకతోలు గుర్తొచ్చింది.

ఓబులేసు లేపాక్షి వైపు ఒక పెండ్లిలో ఆటకు మాట్లాడుకుని రావడానికి పోయిన రోజు చూసుకుని ఇంటికి పోయాడు. మారెక్క వాకిట్లో చేట చెరుగుతోంది.

"వదినా, పెద్దాయన్ని ఒక రెండు దినాలు ఇస్తావా? మా పీరన్న చూడల్లంటాండాడు."

"పెద్దాయన్ని చూడల్లంటే ఆయప్పనే ఈడికి రమ్మను. బొమ్మ గడప దాటేది ఆటకే గదా."

"రెండు దినాలే. నా మీద నమ్మకం లేదా?"

మారెక్క చేట కింద పెట్టింది. లోపలికి పోయి ఊదుబత్తి వెలిగించి, పెట్టె తెరిచి, బొమ్మను పాతగుడ్డలో చుట్టి ఇచ్చింది. "మీ అన్న వచ్చేలోపల తెచ్చియ్యి" అంది.

డేరాలో బొమ్మను డప్పులాగా బిగించి కట్టడానికి దాని చేతులు అడ్డం వచ్చాయి. సోమప్ప కీళ్ళ దగ్గరి తాళ్ళు విప్పి రెండు చేతులూ ఊడదీసి పక్కన పెట్టాడు. ఒంటిని నాలుగు గుంజల మధ్య బిగించాడు. పిడికెడు కొర్రలు తీసుకుని సన్నగా జారవిడిచాడు.

మిషను తుడుస్తున్న పీర్ మహమ్మద్ ఆ చప్పుడు విని డేరా బయటికి పరిగెత్తి ఆకాశం చూశాడు.

ఆ రాత్రి తంబిగె పగిలినప్పుడు మొదట నాలుగు గింజలు, తర్వాత పిడికెడు, తర్వాత చేటనిండా పోశాడు సోమప్ప. తెర అంచు పక్క నుంచి చూస్తే డేరాలో జనం కనపడుతున్నారు. నేల మీద కూర్చున్న ఒక గొర్రెలకాపరి భుజాన ఉన్న కంబళి తీసి తలమీద కప్పుకున్నాడు. పక్కవాడు చూసి తానూ కప్పుకున్నాడు. ఒక ముసలామె అరచేయి చాపి అలాగే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆట అయిపోయాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు.

సోమప్ప కాళ్ళు ఇంతకుముందు జనాన్ని భయపెట్టాయి. ఇలా ఊరించడం అతనికి కొత్త. ఆ రుచి తగిలాక రెండు దినాలు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి.

ఎనిమిదోనాడు మధ్యాహ్నం మారెక్క డేరా దగ్గరికి నడిచి వచ్చింది. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది.

"ఏం సోమప్పా, రెండు దినాలంటివి!"

"తెస్తా వదినా."

"తెచ్చేది కాదు, ఇప్పుడే ఇయ్యి. బసాపురమోళ్ళు కబురు పెట్టినారు. ఎల్లుండి నుంచి మూడు రాత్రులు. బయ్యన్న సొంతంగా వచ్చి తాంబూలమిచ్చి పోయినాడు. మీ అన్న వచ్చినాడు. పెట్టె తెరిస్తే ఏం చెప్పేది నేను?"

బయ్యన్న బసాపురానికి పెద్ద. అతను స్వయంగా వచ్చాడంటే ఊరు ఎంత కష్టంలో ఉందో సోమప్పకు తెలుసు.

"ఈ రాత్రికి డేరా నిండిపోతాది వదినా. రేపు పొద్దున నేనే తెచ్చిస్తా. నేనూ వస్తా ఆటకు."

"నువ్వు రాకున్నా ఫరవాలేదు. పెద్దాయన రావల్ల" అని మారెక్క వెళ్ళిపోయింది.

మరుసటి పొద్దున సోమప్ప పోలేదు. రేపు పోవచ్చులే అనుకున్నాడు. ఆ రేపు కూడా గడిచింది. ఓబులేసు కబురు పెట్టలేదు, డేరాకు రాలేదు. పెట్టె తెరిచి, పైన పెద్దాయన లేని ఖాళీ చూసి, మూసి, ఒక మేకతోలు తెచ్చి రెండు రోజులు పగలూ రాత్రీ కూర్చుని కొత్త వీరుణ్ణి గీశాడు. రంగు సరిగా ఆరకముందే బసాపురం పోయి కళ్ళంలో తెర కట్టాడు.

మొదటి రాత్రి సోమప్ప తెర అంచు పక్క నుంచి డేరాలోకి చూసి, తెలిసిన ముఖాలు లెక్కబెట్టాడు. బసాపురం రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు, గొర్రెలకాపర్లు. కుర్చీల వరసలో ఎర్రంచు తలగుడ్డతో బయ్యన్న. ఇంతమంది ఇక్కడ ఉన్నారంటే అక్కడ కళ్ళంలో ఎవరున్నట్టు? వానకోసం మొదలుపెట్టిన ఆట చూసేవాళ్ళు లేరని ఆపకూడదు. అన్న ఆడుతూనే ఉంటాడు. చెక్కల మీద తొక్కేవాడు లేక మారెక్కే పాడుతూ తొక్కుతూ ఉంటుంది.

ఒక సంగతి సోమప్పకు బాగా తెలుసు. మధ్యలో శబ్దం పోయే రీలు దగ్గర తను ఊరకే కూర్చుంటే చాలు. జనం అరుస్తారు, రాళ్ళు వేస్తారు, లేచి వెళ్ళిపోతారు. మైలు దూరం నడిస్తే ఆవుల కథలో వీరుడు వచ్చేలోపల కళ్ళం చేరుకుంటారు. తన రెండు కాళ్ళు ఆపితే ఊరంతా అన్న ముందు ఉంటుంది.

ఆ రీలు వచ్చింది. బొమ్మ కదిలింది, శబ్దం పోయింది. సోమప్ప పలక మీద కాలు వేశాడు.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి తంబిగె పగిలేసరికి చేటలో గింజలన్నీ ఒకేసారి గుమ్మరించాడు. పెద్దాయన గుండె దగ్గర నుంచి నడుము దాకా తోలు చీలిపోయింది. గింజలు చీలికలో నుంచి నేలమీద పడ్డాయి. ముందు పక్క జనం కంబళ్ళు కప్పుకుని కూర్చునే ఉన్నారు.

వాన రాలేదు. శ్రావణం పోయింది, భాద్రపదం సగమైంది. బసాపురంలో పంచాయితీ పెట్టి ఓబులేసును పిలిపించారు. ఆట వల్ల వాన రాలేదంటే ఆడించే చేతిలో బలం పోయినట్టే అన్నారు. దీపానికి నూనె పోసిన తలారి ఒక్కడే మూడు రాత్రులూ కళ్ళంలో ఉన్నవాడు. వీరుడి బొమ్మ కొత్తదని అతను చెప్పాడు.

"పాతది ఏమాయె?" అని బయ్యన్న అడిగాడు.

"చీకిపోయినాది. అందుకే కొత్తది చేసుకొంటి" అన్నాడు ఓబులేసు.

ఆట చూడటానికి ఎవరూ రాలేదన్న మాట అతను ఎత్తలేదు. పాత బొమ్మ ఎవరి దగ్గర ఉందో చెప్పలేదు. బసాపురం హక్కు తీసి మడకశిర వైపు నుంచి వచ్చిన వేరే మేళానికి ఇచ్చారు. ఈ సంగతంతా సోమప్పకు మారెక్క చెప్పింది. చెప్పి, "ఆయన తిట్టలేదని సంతోషపడొద్దు నువ్వు" అంది.

సోమప్ప చీలిన బొమ్మను, ఊడదీసిన చేతులను అదే గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఓబులేసు నేల మీద పరిచి, చీలిక రెండు వైపులా వేలితో తడిమి చూశాడు.

"కుట్టేదానికి రాదు. ఆయుస్సు అయిపోయినాది" అన్నాడు.

ఆయుస్సు తీరిన బొమ్మను పారెయ్యరు, కాల్చరు. మనిషిని సాగనంపినట్టు పారే నీళ్ళలో వదలాలి. పెన్న ఎండి ఇసుకగా ఉంది. ఓబులేసు బొమ్మను గుడ్డలో చుట్టి పైన దూలానికి కట్టాడు. "యేట్లో నీళ్ళొచ్చినంక ఇడుస్తాం" అన్నాడు.

బొమ్మను వదిలేంత నీళ్ళు ఐదేళ్ళు రాలేదు. వచ్చినా చీలమండ దాకా వచ్చి, బొమ్మ తీసుకుని బయలుదేరేలోపల ఇంకిపోయేవి. ఓబులేసు మొదట రోడ్డు పనిలో కంకర కొట్టాడు, తర్వాత కళ్యాణదుర్గంలో వేరుశనక్కాయల మిల్లులో చేరాడు. పెట్టె మూతపడింది. సోమప్ప ప్రతి నెలా గింజలు తెచ్చి వాకిట్లో పెట్టేవాడు. మారెక్క లోపలికి తీసుకుపోయేది. కూర్చున్నంతసేపూ సోమప్ప దూలం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేవాడు. సంగటి ముద్ద మింగేటప్పుడు తల ఎత్తక తప్పేది కాదు.

"మొగుణ్ణి చూసి భయపడే కొత్తకోడలి మాదిరి తింటావేమప్పా?" అని మారెక్క ఒకసారి ఎగతాళి చేసింది. ఓబులేసు నవ్వలేదు. సోమప్ప నవ్వబోయి ఆగాడు.

అరవైలో డేరాకు కొత్త మిషను, కొత్త స్పీకర్లు వచ్చాయి. తెర వెనక మనిషి అక్కరలేదు. పీర్ మహమ్మద్ మాట సాయంతో సోమప్పకు గేటు దగ్గర టిక్కెట్లు చించే పని దొరికింది; అక్కడి నుంచి ఆట చూసే వీలు లేదు. పలకలు తీసేసిన చోట నేల రెండు పాదాల మేర గట్టిపడి నున్నగా ఉండిపోయింది. డేరా కదిలే దాకా అది అలాగే ఉంది.

అరవై రెండులో వానలు బాగా పడ్డాయి. చెరువులు నిండాయి. ఆ కార్తీకంలో మాంత్రికుడి సినిమా మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త ఫిల్ము. గీతలు లేవు, శబ్దం నిండుగా ఉంది.

"ఈ తూరి ముందర కూర్చోని చూడప్పా. గేటు కాడ ఇంకొకర్ని పెడతా" అన్నాడు పీర్ మహమ్మద్.

సోమప్ప నేల మీద కూర్చున్నాడు. రాజకుమారుడు కుడిచేత్తో కత్తి దూశాడు. రాక్షసుడు గట్టిగా గర్జించాడు. కొందరు నవ్వారు, కొందరు భయపడ్డారు. తంబిగె పగిలి నది వచ్చింది. సోమప్ప చేటలో కొర్రలతో ఎన్నడూ పుట్టించలేనంత పెద్ద హోరు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కరూ కంబళి కప్పుకోలేదు. పక్కన కూర్చున్న రైతు ఆవులించి, "పొద్దున్నే కాయలు పీకల్ల, లేస్తాం పా" అని పెండ్లాన్ని లేపాడు.

సోమప్ప అందరూ పోయేదాకా కూర్చున్నాడు. ఆ ఏడు వాన లేక జనం కంబళ్ళు కప్పుకున్నారు. చప్పుడు తన గొప్ప అనుకుని మురిశాడు తను. వాళ్ళ దప్పిక మీద గింజలు పోశాడు. ఆ దప్పికతోనే వాళ్ళు అన్న దగ్గరికి పోయి ఉండేవారు.

రెండు రోజుల తర్వాత పెన్న మోకాలి లోతున పారుతోందని తెలిసింది. ఓబులేసు దూలం మీది మూట దించాడు. "రేపు పోదాం" అన్నాడు. సోమప్ప అప్పటికప్పుడు లేచి బసాపురం బయలుదేరాడు.

బయ్యన్న కళ్ళంలో కాయలు ఆరబోయిస్తున్నాడు. ముసలివాడయ్యాడు. సోమప్పను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"నేను చెప్పల్సింది ఒకటుండాది బయ్యన్నా" అని సోమప్ప నిలబడే అంతా చెప్పాడు. బొమ్మను తెచ్చింది, తోలు మీద గింజలు పోసింది, మారెక్క వచ్చి అడిగినా ఇవ్వనిది, మూడో రాత్రి చీలిపోయింది. "మా అన్న చేతిలో బలం పోలేదు. పెద్దాయన చీకిపోలేదు. నేను ఎత్తుకొస్తి."

బయ్యన్న ఒక కాయ ఒలిచి పప్పు నోట్లో వేసుకున్నాడు.

"ఆ సప్పుడు బొమ్మ మీదిదా! నేను గూడా తలగుడ్డ ఇప్పి కప్పుకొంటి గదప్పా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కళ్ళంలో పురుగు గూడా లేదని తలారి అప్పుడే చెప్పినాడు. వానకోసం ఆట పెట్టించి, మేమంతా పోయి మీ డేరాలో కూర్చుంటిమి. వాన రాలే. తప్పు ఎవురి మీదనో ఒకరి మీద పడల్ల గదా. ఊరు ఊరే మీదేసుకుంటాదా? మీ అన్న ఒంటిమనిషి, నోరెత్తడు. ఆయన మీద పడె."

"అయితే ఇప్పుడన్నా నలుగురిలో చెప్పు బయ్యన్నా."

"ఐదేండ్లాయె. ఆ మేళమోళ్ళు ఆడతాండారు, వానలు పడతాండాయి. ఎవురు కదిలిస్తారు?" బయ్యన్న రెండు దోసిళ్ళ కాయలు తీసి సోమప్ప పంచె కొంగులో పోయబోయాడు. సోమప్ప కొంగు పట్టలేదు. కాయలు నేలమీద పడ్డాయి. ఇద్దరూ ఏరలేదు.

ఇంటికి వచ్చి అన్నకు చెప్పాడు. బసాపురం హక్కు తిరిగి రాదని కూడా చెప్పాడు.

"నేను పొమ్మన్నానా నిన్ను?" అన్నాడు ఓబులేసు.

"లేదు."

"మరి ఏంటికి పోతివి?"

ఓబులేసు మూట విప్పి, ఊడదీసిన రెండు చేతులనూ తమ్ముడి ముందుకు తోశాడు. "కట్టు" అన్నాడు. సోమప్ప ఆ రాత్రి చాలాసేపు కీళ్ళకు తాళ్ళు కట్టాడు. ఎప్పుడూ బొమ్మ ఆడించని వేళ్ళు. రెండుసార్లు ముడి జారింది. మూడోసారి నిలిచింది.

పొద్దున్నే ముగ్గురూ పెన్నకు పోయారు. మారెక్క ఊదుబత్తి వెలిగించి, ఒడ్డున ఒక పిడికెడు బియ్యం పెట్టి, ఆవుల కథలో వీరుడు యుద్ధానికి పోయేముందు పాడే పాట సన్నగా పాడింది. ఓబులేసు నీళ్ళలో దిగి బొమ్మను వదిలాడు. పెద్దాయన చేతులు రెండూ చాపుకుని వెల్లకిలా పోతూ, పది అడుగులు పోయాక ఒక ఇసుకమేట దగ్గర తట్టుకుని ఆగిపోయాడు.

దగ్గరగా ఉన్నది సోమప్ప. రెండు అంగల్లో అక్కడికి చేరి, అలవాటు ప్రకారం కాలు ఎత్తాడు.

"కాలితో కాదు" అని వెనక నుంచి ఓబులేసు అన్నాడు. "చేత్తో."

సోమప్ప కాలు దించాడు. వంగి, రెండు చేతులూ తోలు కిందికి పోనిచ్చి, మెల్లగా పైకెత్తి లోతు ఉన్న వైపుకు తిప్పి వదిలాడు.